ఇంట్లోనే బతుకమ్మ కేక్: క్రీమ్ జారకుండా, పూలు కరగకుండా ఎలా చేయాలి

దసరా దగ్గరపడితే చాలు, మా హన్మకొండలో తెలిసినవాళ్లు నన్ను అడిగేది ఒకటే. "పాప పుట్టినరోజు బతుకమ్మ రోజుల్లోనే వచ్చింది. బతుకమ్మ లెక్క కనిపించే కేక్ ఇంట్లో చేయొచ్చా?" చేయొచ్చు అని చెప్పగానే రెండో ప్రశ్న వస్తుంది. "నేను చేస్తే క్రీమ్ జారిపోతోంది, ఎందుకు?" ఒక్కొక్కరికి ఫోన్‌లో చెప్తుంటే ప్రతిసారీ ఏదో ఒకటి మర్చిపోతున్నాను. అందుకే మొత్తం ఒకచోట రాస్తున్నాను.

ముందే ఒక మాట. ఇన్నేళ్లలో నా చేతుల్లో చెడిపోయిన కేకులన్నీ వేడి వల్లో తొందర వల్లో చెడిపోయినవే. పూలు వేయడం నాలుగుసార్లు చేస్తే అదే వస్తుంది. స్పాంజి చల్లారకముందే క్రీమ్ రాస్తే మాత్రం ఎంత చేయితిరిగినవాళ్లు రాసినా జారుతుంది. అందుకని కింద చెప్పే ప్రతి పని మొదలుపెట్టే ముందు ఒక్క క్షణం ఆగి "చల్లారిందా?" అని చూసుకోండి.

పని మూడు రోజులకు పంచుకోండి

ఆదివారం సాయంత్రం కేక్ కట్ చేయాలనుకుందాం.

శుక్రవారం రాత్రి: విప్పింగ్ క్రీమ్ ప్యాకెట్‌ను ఫ్రీజర్ నుంచి కింది ఫ్రిజ్‌లోకి మార్చాలి. ఫాండెంట్‌తో (పిండిముద్దలా ఒత్తి ఆకారాలు చేసుకునే చక్కెర ముద్ద) బొమ్మలు, పేరు చేయాలనుకుంటే అవి ఈరోజే.

శనివారం పొద్దున: స్పాంజిలు బేక్ చేయాలి. సాయంత్రం కేక్ నిలబెట్టి మొదటి పూత పూయాలి.

ఆదివారం పొద్దున: పూలు. ఆ తర్వాత కనీసం 3 గంటలు ఫ్రిజ్‌లో.

అన్నీ ఆదివారమే చేద్దామనుకుంటే ఈ కేక్ పెట్టుకోకండి. మామూలు గుండ్రటి కేక్ చేసి పైన నాలుగు బంతిపూలు వేయండి, అది కూడా అందంగానే ఉంటుంది.

ఇంకో పని కూడా శుక్రవారమే చేయండి. మీ ఫ్రిజ్ అర ఎత్తు స్కేలుతో కొలవండి. ఈ కేక్ బోర్డుతో కలిపి 7 అంగుళాల దాకా వస్తుంది. మధ్య అర ఒకటి తీసేయాల్సి రావచ్చు. అంతా అయ్యాక తలుపు పట్టకపోతే అప్పుడు చేయగలిగింది ఏమీ ఉండదు. తరిగిన ఉల్లిగడ్డలు, మూత లేని కూరగిన్నెలు బయటికి తీసేయండి. క్రీమ్ పక్కనున్న వాసనంతా పీల్చుకుంటుంది.

కావలసినవి

కప్పు అంటే 240 మి.లీ. కప్పే. ఈ కొలతలు ఒక స్పాంజికి. మనకు రెండు స్పాంజిలు కావాలి కాబట్టి అన్నీ రెండింతలు తెచ్చుకోండి.

- మైదా ఒకటిన్నర కప్పు (దాదాపు 190 గ్రాములు)
- చక్కెర 1 కప్పు, మిక్సీ పట్టింది అయితే మంచిది
- పులవని గట్టి పెరుగు 1 కప్పు
- వాసన లేని నూనె అర కప్పు (పల్లీనూనె వద్దు, కేకంతా అదే వాసన వస్తుంది)
- బేకింగ్ పౌడర్ ఒకటింపావు టీస్పూను, బేకింగ్ సోడా అర టీస్పూను
- వెనిలా ఎసెన్స్ 1 టీస్పూను
- అవసరమైతే 3, 4 చెంచాల పాలు

పండుగ రోజుల్లో చాలా ఇళ్లల్లో గుడ్డు ముట్టరు కాబట్టి పెరుగు స్పాంజే చెప్తున్నాను. గుడ్డు తినే ఇల్లైనా ఈ ఆకారానికి నేను దీన్నే వాడతాను. గుడ్డు స్పాంజి మరీ మెత్తగా ఉండి వాలుగా చెక్కేటప్పుడు చిరుగుతుంది.

అలంకరణకు:

- విప్పింగ్ క్రీమ్ 1 కిలో ప్యాకెట్ (700 గ్రాముల దాకా పడుతుంది)
- జెల్ రంగులు: పసుపుపచ్చ, ఎరుపు, గులాబీ, నీలం, ఆకుపచ్చ
- పైపింగ్ కవర్లు (క్రీమ్ నింపి పిండే కోను కవర్లు) 8
- నాజిళ్లు (కవరు కొసకు పెట్టే మూతులు): చిన్న స్టార్, ఆకు నాజిల్ (352), రేకు నాజిల్ (104). చామంతి కావాలంటే 81 నంబరు
- 7 అంగుళాల టిన్ను, 10 అంగుళాల బంగారు రంగు కేక్ బోర్డు, బటర్ పేపర్, రంపపు పళ్లున్న పొడవు కత్తి
- తడపడానికి: పావు కప్పు చక్కెరను అర కప్పు నీళ్లలో మరిగించి చల్లార్చిన పాకం

క్రీమ్ కొనేటప్పుడు చాలామంది పొరపాటు పడతారు. కూరల్లో వేసే ఫ్రెష్ క్రీమ్‌లో కొవ్వు 25 శాతమే. దాన్ని గంటసేపు గిలకొట్టినా నిలబడదు. బేకింగ్ సామాన్ల దుకాణంలో ఫ్రీజర్‌లో పెట్టి అమ్మే నాన్‌డెయిరీ విప్పింగ్ క్రీమ్ అడగండి. అందులో చక్కెర ముందే ఉంటుంది, మళ్లీ కలపకండి. దుకాణం నుంచి ఇంటికి వచ్చేసరికి కరిగితే తిరిగి ఫ్రీజర్‌లో పెట్టకండి, ఫ్రిజ్‌లో పెట్టి ఆ వారంలోనే వాడేయండి.

రంగుల విషయంలో నేను గట్టిగానే చెప్తాను. డబ్బా మీద ఎఫ్‌.ఎస్‌.ఎస్‌.ఏ.ఐ. గుర్తు, 14 అంకెల లైసెన్స్ నంబరు ఉన్న రంగే కొనండి. పొట్లంలో కట్టిచ్చే విడి రంగు ఎంత చవకైనా వద్దు. మెరుపుల పొడి మీద "నాన్ టాక్సిక్" అని ఉంటే అది తినేదని అర్థం కాదు, "ఎడిబుల్" అని ఉండాలి. నిజం తంగేడు, బంతిపూలు కేకుకు గుచ్చడం కూడా నాకు ఇష్టం ఉండదు. వాటి మీద ఏ మందు కొట్టారో మనకు తెలియదు. తినేది పిల్లలు.

చేసే విధానం

1. స్పాంజి

పెరుగు ఫ్రిజ్‌లోంచి తీసి అరగంట బయట ఉంచండి. ఓవెన్‌ను 175 డిగ్రీల దగ్గర 10 నిమిషాలు వేడి చేయండి. టిన్నుకు నూనె రాసి అడుగున బటర్ పేపర్ వేయండి.

పెరుగు, చక్కెర కలిపి చక్కెర కరిగేదాకా గిలకొట్టండి. బేకింగ్ పౌడర్, సోడా వేసి కలిపి 5 నిమిషాలు వదిలేయండి. పైన బుడగలు తేలి పెరుగు పొంగినట్టు కనిపించాలి. బుడగలు రాలేదంటే సోడా పాతబడింది, ఇక్కడే ఆపేసి కొత్త ప్యాకెట్ తెప్పించండి. తర్వాత నూనె, ఎసెన్స్ వేసి, మైదాను జల్లెడ పట్టి మూడుసార్లుగా కలపండి. పిండి గరిటె నుంచి దోసెపిండి కంటే కొంచెం చిక్కగా, తెగకుండా జారాలి. గట్టిగా ఉంటే పాలు పోయండి. పొడి కనిపించకుండా పోగానే కలపడం ఆపేయండి. ఇంకా నున్నగా రావాలని తిప్పుతూ ఉంటే కేక్ రబ్బరులా సాగుతుంది.

వెంటనే టిన్నులో పోసి 35 నుంచి 40 నిమిషాలు బేక్ చేయండి. మొదటి 25 నిమిషాలు తలుపు తీయకండి. రెండో స్పాంజి పిండి ఓవెన్ ఖాళీ అయ్యాకే కలపండి. సోడా పని మొదలుపెట్టిన పిండిని పక్కన పెట్టి ఉంచితే కేక్ పొంగదు.

ఓవెన్ లేకపోతే 5 లీటర్ల కుక్కర్ చాలు. గ్యాస్కెట్, విజిల్ రెండూ తీసేయాలి, ఇది మర్చిపోకండి. అడుగున రెండు కప్పుల ఉప్పు, దాని మీద స్టాండు పెట్టి, మూతపెట్టి 10 నిమిషాలు మధ్య మంట మీద వేడి చేయండి. టిన్ను పెట్టాక మంట బాగా తగ్గించి 45 నుంచి 50 నిమిషాలు ఉంచండి. టిన్ను కుక్కర్ గోడకు తగలకూడదు. కుక్కర్ కేకుకు పైన ఎర్రదనం రాదు, దాని గురించి టెన్షన్ పడకండి. ఎలాగూ క్రీమ్ కప్పేస్తుంది.

అయిందో లేదో ఇలా చూడండి. మధ్యలో టూత్‌పిక్ గుచ్చితే తడి పిండి అంటకూడదు. వేలితో మెల్లగా నొక్కితే గుంట తిరిగి పైకి లేవాలి. అంచులు టిన్నును కాస్త వదలాలి. మూడూ కుదిరితేనే దించండి.

2. చల్లార్చడం

10 నిమిషాలు టిన్నులో, ఆ తర్వాత జాలీ మీద 3 గంటలు. పైకి చల్లగా తగిలినా నడుమ వేడి ఉంటుంది. అరచేయి అడుగున పెట్టి చూడండి, ఏమాత్రం వెచ్చగా అనిపించినా ఆగండి. తర్వాత ప్లాస్టిక్ ర్యాప్ చుట్టి గంటసేపు ఫ్రిజ్‌లో పెట్టండి. చల్లబడిన స్పాంజి కత్తికి పొడిపొడిగా రాలదు.

3. క్రీమ్ గిలకొట్టడం

ఈ ఒక్కటి సరిగ్గా వస్తే మిగతా కేకంతా వచ్చినట్టే, అందుకే కాస్త వివరంగా చెప్తాను.

గిన్నె, బీటర్ పుల్లలు 15 నిమిషాలు ఫ్రీజర్‌లో పెట్టండి. క్రీమ్ పూర్తిగా కరిగి ఉండాలి, మంచు గడ్డలు ఉండకూడదు, కానీ ఫ్రిజ్ చల్లదనంలోనే ఉండాలి. బయట పెట్టి కరిగించిన క్రీమ్ నిలబడదు. ఎండాకాలమైతే ఐసునీళ్లున్న పెద్ద గిన్నెలో ఈ గిన్నె పెట్టి గిలకొట్టండి. మే నెలలో మన దగ్గర అది తప్పదు.

శనివారం సాయంత్రం 300 గ్రాములు మాత్రమే గిలకొట్టండి, లోపలికి, మొదటి పూతకు. పూల క్రీమ్ ఆదివారం పొద్దున 200 గ్రాముల చొప్పున రెండుసార్లు చేసుకోండి. రాత్రి చేసి పెట్టిన క్రీమ్‌తో పూల అంచులు తేటగా రావు.

ముందు నిమిషం నెమ్మదిగా, తర్వాత మధ్య వేగంలో 4, 5 నిమిషాలు. బీటర్ గీతలు గిన్నెలో చెదరకుండా నిలిచాయంటే దగ్గరికొచ్చినట్టు. అక్కడి నుంచి పది పది సెకన్లు తిప్పి ఆపి చూడండి. పుల్ల పైకెత్తితే కొస నిటారుగా నిలబడాలి, గిన్నె బోర్లించినా క్రీమ్ కదలకూడదు. లోపలికి, పూతకు మాత్రం కొస కాస్త వంగినా చాలు, రాయడానికి నున్నగా వస్తుంది.

మితిమీరితే క్రీమ్ గరుకుగా, చిన్న చిన్న రంధ్రాలతో, పాత సున్నంలా కనిపిస్తుంది. పారేయకండి. గిలకొట్టని క్రీమ్ రెండు మూడు చెంచాలు పోసి గరిటెతో మెల్లగా కలపండి, చాలావరకు దారికొస్తుంది.

పూలకు ముందు నేను తప్పకుండా చేసేది పళ్లెం పరీక్ష. స్టీలు పళ్లెం మీద ఒక పువ్వు వేసి, కేక్ ఎక్కడ పెడతారో ఆ గదిలోనే 15 నిమిషాలు వదిలేయండి. రేకుల అంచులు అలాగే ఉంటే కేక్ మీద కూడా ఉంటాయి. అంచులు మొద్దుబారితే ఇంకో పది సెకన్లు గిలకొట్టి మళ్లీ చూడండి.

4. నిలబెట్టడం, చెక్కడం

రెండు స్పాంజిల పైన ఉబ్బిన భాగం కోసేయండి. ఒక్కోదాన్ని అడ్డంగా రెండు చేస్తే నాలుగు పొరలు వస్తాయి. రెండు పొరలు 7 అంగుళాలవే ఉంచండి. మూడోదాన్ని ఐదున్నర అంగుళాల గిన్నె బోర్లించి కోయండి. నాలుగోదాన్ని 4 అంగుళాల గిన్నెతో.

బోర్డు మీద ఒక చెంచా క్రీమ్ రాసి మొదటి పొర అతికించండి, లేకపోతే కదులుతుంది. బ్రష్‌తో పాకం తడి చేయండి. ఒక్కో పొరకు 3, 4 చెంచాలు చాలు. చప్పగా ఉంటుందేమోనని ఎక్కువ పోస్తే కింది పొర పైవాటి బరువుకు నలిగిపోతుంది. దాని మీద క్రీమ్, ఆపైన రెండో పొర, ఇలా నాలుగూ పేర్చండి.

లోపలికి ఈ కాలంలో నేను పెట్టేది సీతాఫలం. గింజలు తీసిన గుజ్జు ఒక కప్పు, గిలకొట్టిన క్రీమ్ రెండు కప్పులు. గుజ్జు నీరు వదులుతుంది కాబట్టి పొర అంచున ముందు ఉత్త క్రీమ్‌తో కట్ట వేసి, గుజ్జు దాని లోపలే పరచండి. అనాస ఇష్టమైతే పచ్చి ముక్కలు వేయకండి. కొంచెం చక్కెరతో 5 నిమిషాలు ఉడికించి, చల్లార్చి, నీరు వడకట్టి వేయండి.

నాలుగు పొరలూ నిలిచాక అరగంట ఫ్రిజ్. ఇప్పుడు మెట్ల అంచులను కత్తితో పైనుంచి కిందికి వాలుగా చెక్కండి. ఒకేసారి ఎక్కువ కోయకండి, కొద్దికొద్దిగా తీస్తూ బోర్డు తిప్పుతూ ఉండండి. చెక్కిన పొడిని పారేయకుండా రెండు చెంచాల క్రీమ్‌తో ముద్ద చేసి నెత్తిన గుండ్రంగా పెట్టండి. దూరంగా నిలబడి అన్ని వైపుల నుంచి చూడండి. ఒక పక్కకు వాలినట్టుంటే ఇప్పుడే సరిచేయాలి, పూలు వేస్తే ఆ వాలు ఇంకా ఎక్కువ కనిపిస్తుంది.

5. మొదటి పూత

పలచగా క్రీమ్ రాయండి. పొడి అంటుకున్నా, స్పాంజి కనిపించినా పర్వాలేదు. దీని పని ఆ పొడిని పట్టి ఉంచడమే. రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టండి. పొద్దున వేలితో తాకితే వేలికి అంటకూడదు.

రాత్రి కరెంట్ పోయినా కంగారుపడి తలుపు తీసి చూడకండి. మూసి ఉన్న ఫ్రిజ్ దాదాపు 4 గంటలు చల్లదనం ఆపుతుంది.

6. రంగులు

జెల్ రంగు టూత్‌పిక్ కొసతో తీసి వేయండి. నీళ్లలా ఉండే రంగు వేస్తే క్రీమ్ పలచబడుతుంది. బీటర్‌తో కలపకండి, గరిటెతో మడతపెట్టినట్టు కలపండి. బంతి రంగుకు పసుపుపచ్చలో ఎరుపు చుక్క. కట్లపూల రంగుకు గులాబీలో కొంచెం నీలం. కలిపిన రంగు అరగంటలో ఇంకా ముదురుతుంది కాబట్టి మీరు అనుకున్నదాని కంటే ఒక మెట్టు లేతగా ఉన్నప్పుడే ఆపండి. ముదురు ఎరుపు క్రీమ్‌లో తేవాలని చూడకండి. దానికి డబ్బాలో సగం పోయాలి, నాలుకకు చేదు తగులుతుంది. గులాబీ రంగుతో సరిపెట్టుకోండి.

7. పూలు పేర్చడం

తాంబాలంలో బతుకమ్మ పేర్చినట్టే కింది నుంచి పైకి రండి. పై వరుస పువ్వు కింది వరుస మొదలును కప్పేస్తుంది, ఖాళీలు కనిపించవు.

కవరు సగానికే నింపండి. ఒక చేయి కవరు మెడ దగ్గర, ఇంకో చేతి వేలు నాజిల్‌ను ఆనుకుని ఉండాలి. రెండు చేతులతో కవరు నడుము పట్టుకుంటే అరచేతుల వేడికి లోపల క్రీమ్ కరుగుతుంది. రెండు కవర్లు పెట్టుకుని ఒకటి వాడుతుంటే ఇంకోటి ఫ్రిజ్‌లో ఉంచండి. కేకును కూడా రెండు వరుసలకోసారి 10 నిమిషాలు లోపల పెట్టండి.

ఆకులు: బోర్డు అంచు చుట్టూ ఆకు నాజిల్‌తో. బతుకమ్మ కింద పరిచే గుమ్మడాకుల్లా ఉంటాయి. నొక్కి, కాస్త లాగి, వదిలేసి ఎత్తేయాలి. ఆకుపచ్చలో పిసరంత పసుపుపచ్చ కలిపితే నిజం ఆకు రంగు వస్తుంది.

తంగేడు: కింద రెండు వరుసలు. చిన్న స్టార్ నాజిల్ కేకుకు ఎదురుగా పట్టి, నొక్కి, ఆపి, ఎత్తాలి. నొక్కుతూనే ఎత్తితే తోక వస్తుంది. పువ్వు పువ్వుకు మధ్య సందు వదలకండి.

గునుగు: అసలు అందం దీనిదే. తెల్ల క్రీమ్, అదే చిన్న స్టార్ నాజిల్. కేకుకు తగిలించి గట్టిగా నొక్కి, అర అంగుళం బయటికి లాగుతూ ఒత్తిడి తగ్గించుకుంటూ పోవాలి. కొస సన్నగా తేలాలి. ఇలా పక్కపక్కనే కిక్కిరిసి వేయండి. మొదటిసారి నేను చేసినప్పుడు గునుగు మొత్తం గులాబీ క్రీమ్‌తోనే వేశాను. మా అత్తమ్మ దగ్గరికొచ్చి కళ్లద్దాలు పెట్టుకుని చూసి, "గునుగు తెల్లగనే ఉంటది బిడ్డా, కట్ట కట్టి కొసలే గద రంగుల ముంచేది" అన్నది. ఆ మాటతోనే దారి దొరికింది. ఇప్పుడు తెల్లగా వేసి, అరగంట ఫ్రిజ్‌లో గట్టిపడ్డాక, సన్నటి బ్రష్‌తో జెల్ రంగు కొసలకు మాత్రమే తాకిస్తాను. నీళ్లు కలపకూడదు. బ్రష్‌ను ముందు కాగితం మీద తుడిచి, మిగిలిన రంగు చాలు. ఒక వరుస గులాబీ, ఒక వరుస నీలం, ఒకటి తెలుపు. చూసినవాళ్లకు ఇది బతుకమ్మ అని చెప్పక్కర్లేదు.

బంతి: ఇవి కేకు మీద నేరుగా వేయకండి. బటర్ పేపర్ చిన్న చిన్న ముక్కలుగా కోసి, రేకు నాజిల్ వెడల్పు కొస కిందికి పెట్టి, నడుమ నుంచి చుట్టూ అలలు అలలుగా వేసి, 15 నిమిషాలు ఫ్రీజర్‌లో పెట్టండి. గట్టిపడ్డాక కాగితం ఒలిచి కేకుకు అతికించండి. బాగా రాని పువ్వును పక్కన పెట్టేసే వీలు ఉంటుంది, అదే దీని లాభం. పన్నెండు కావాలంటే పదిహేను వేయండి.

కట్లపూలు, చామంతులు మధ్యలో మీ ఇష్టం. అయితే ముదురు రంగు వరుస పక్కనే తెల్ల గునుగు పెడితే రాత్రికి రంగు పాకుతుంది. మధ్యలో ఒక పసుపుపచ్చ వరుస వేయండి.

8. నెత్తిన ఏం పెట్టాలి

చాలామంది పసుపు గౌరమ్మ కూడా చేసి పెట్టమంటారు. నేను పెట్టను. మొక్కిన అమ్మను కత్తితో కోయడం నాకు మనసొప్పదు. గౌరమ్మ నిజం బతుకమ్మ మీదే ఉండాలి. కేక్ మీద గుమ్మడిపువ్వు ఒకటి చాలు. పసుపుపచ్చ ఫాండెంట్‌ను పలచగా ఒత్తి ఐదు రేకులు కోసి, చిన్న టీగ్లాసులో వేసి ఆరబెడితే గిన్నెలా విచ్చుకున్న ఆకారం వస్తుంది.

ఫాండెంట్ గట్టిపడాలంటే పావుకిలోకు ఒక టీస్పూను టైలోజ్ పొడి కలిపి, రెండు రోజులు ఫ్యాను గాలికి ఆరనివ్వండి. ఫ్రిజ్‌లో పెట్టకండి, చెమటపట్టి జిగురవుతుంది. క్రీమ్ తడికి కూడా మెత్తబడుతుంది కాబట్టి కట్ చేయడానికి పది నిమిషాల ముందే పెట్టండి. పిల్ల పేరు అక్షరాలు కూడా అంతే.

లోపల గట్టిదనానికి పుల్లలు గుచ్చితే ఎన్ని గుచ్చారో రాసిపెట్టుకోండి, వడ్డించే ముందు లెక్కపెట్టి తీయండి.

9. వేరే ఊరికో, వేరే ఇంటికో తీసుకెళ్లాలంటే

మా ఆడబిడ్డ బిడ్డ మొదటి పుట్టినరోజుకు ఇదే కేక్ చేసి హన్మకొండ నుంచి కాజీపేటకు ఆటోలో తీసుకెళ్లాను. ఒళ్లో పెట్టుకున్నాను. ఒళ్లు చదునుగా ఉండదు, పైగా ఒంటి వేడి బోర్డు కింద నుంచి తగులుతుంది. దిగి డబ్బా తెరిచేసరికి ఒక పక్క తంగేడు వరుస వేలెడంత కిందికి జారి, వెనక స్పాంజి బయటపడింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అక్కడి వంటింట్లో ఆకులు మళ్లీ వేసి కప్పాను.

అప్పటి నుంచి ఇలా చేస్తున్నాను. బయల్దేరే ముందు కేక్ కనీసం 4 గంటలు ఫ్రిజ్‌లో ఉండాలి. డబ్బాలో బోర్డు కింద రెండు వైపుల టేపు వేసి కదలకుండా అతికిస్తాను. డబ్బాను కారులో సీటు మీద కాకుండా కింద కాళ్ల దగ్గర చదునైన చోట పెడతాను, సీటు వెనక్కి వాలుగా ఉంటుంది కదా. ఏసీ ముందే వేసి ఉంచాలి. నాజిల్‌తో సహా పసుపుపచ్చ, ఆకుపచ్చ కవర్లు రెండు, ఐసు పెట్టిన స్టీలు డబ్బాలో వెంట తీసుకెళ్తాను. ఇవి ఉంటే ఎక్కడ ఏం చెదిరినా 5 నిమిషాల్లో సర్దొచ్చు. స్కూటీ మీద మాత్రం ఈ కేక్ వద్దు.

సందేహాలు, పొరపాట్లు

కేక్ మధ్యలో కుంగింది: తలుపు ముందే తీశారు, లేదా సోడా ఎక్కువైంది. కుంగిన చోట చెక్కిన పొడి, క్రీమ్ ముద్ద నింపి పైకి పోండి. ఈ ఆకారంలో అది కనిపించదు.

పైన గుట్టలా లేచి పగిలింది: ఓవెన్ వేడి ఎక్కువ. ఈసారి 165 దగ్గర పెట్టి 5, 10 నిమిషాలు ఎక్కువ ఉంచండి.

పూత పూస్తుంటే స్పాంజితో సహా లేచి వస్తోంది: స్పాంజి చల్లగా లేదు, లేదా క్రీమ్ మరీ గట్టిగా ఉంది.

ఫ్రిజ్‌లోంచి తీయగానే క్రీమ్ మీద నీటి చుక్కలు: బయట ఉక్కపోతగా ఉంది. తుడవకండి, వేలు పెట్టకండి. ఫ్యాను తగ్గించి కాసేపు వదిలేయండి.

పూలు కరగడం కళ్లముందే మొదలైంది: వెంటనే ఫ్రీజర్‌లో 10 నిమిషాలు. అంతకంటే ఎక్కువ వద్దు.

ఇంకో సందర్భానికి ఇదే పద్ధతి

తాతయ్య షష్టిపూర్తికి, బాపు రిటైర్మెంట్‌కు ఏం చేయాలని అడుగుతారు. వరంగల్ కోటలోని కాకతీయ కళాతోరణం పెట్టండి, ఫొటోలో చూడగానే మన ఊరిదని తెలుస్తుంది. తోరణం బొమ్మను 6 అంగుళాల ఎత్తున ప్రింట్ తీసి, దాని మీద బటర్ పేపర్ పరచండి. కాంపౌండ్ చాక్లెట్‌ను వేడినీళ్ల గిన్నె మీద కరిగించి, కవరులో పోసి, కొస సన్నగా కత్తిరించి గీతల వెంట గీయండి. నీటి చుక్క పడితే చాక్లెట్ గడ్డకడుతుంది, జాగ్రత్త. గీతలు సన్నగా ఉంటే నిలబడవు, స్తంభాలు పెన్సిల్ మందం ఉండాలి. స్తంభాల అడుగున అంగుళం కాడలు వదిలితే కేకులోకి గుచ్చడానికి పనికొస్తాయి. 10 నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి ఒలవండి. ఒకటి విరుగుతుంది, రెండు చేసుకోండి. ఎండాకాలం ఫంక్షనైతే చాక్లెట్ వద్దు, ఫాండెంట్ కోసి రెండు రోజులు ఆరబెట్టండి.

10. కట్ చేయడం

అక్టోబర్‌లో అయితే 20 నిమిషాల ముందు, ఎండాకాలంలో 5 నిమిషాల ముందు బయటికి తీయండి. కొవ్వొత్తి పూల మధ్య గుచ్చకండి. పక్కన చిన్న పళ్లెంలో పెట్టండి, లేదా చాలా ఇళ్లల్లో చేసినట్టు దీపం వెలిగించండి. నురుగు చిమ్మే స్నో స్ప్రే డబ్బాలు మంట దగ్గరికి రానివ్వకండి. వాటిలో మండే గ్యాస్ ఉంటుంది, పిల్లల జుట్టు అంటుకునే ప్రమాదం ఉంది. ఈ ఒక్క విషయంలో మొహమాటపడకండి, ఎవరు తెచ్చినా వాళ్ల చేతిలోంచి తీసుకోండి.

ముందు గుమ్మడిపువ్వు తీసి పక్కన పెట్టండి. పై రెండు పొరలను వెడల్పు అట్లకాడతో ఎత్తి వేరే పళ్లెంలోకి మార్చి విడిగా కోయండి. శిఖరం నుంచి అడుగు దాకా ఒకేసారి కోస్తే ముక్కలు కూలిపోతాయి. కత్తిని వేడినీళ్లలో ముంచి, గుడ్డతో తుడిచి కోయండి, ప్రతి ముక్కకూ అలాగే. 15 నుంచి 18 మందికి వస్తుంది.

రెండు గంటలకు మించి బయట ఉన్న కేకును తిరిగి ఫ్రిజ్‌లో దాచకండి. ఎండాకాలమైతే గంటే. అందుకే కోసిన వెంటనే మిగిలింది డబ్బాలో పెట్టి లోపల పెట్టేయండి, సీతాఫలం ఉంది కాబట్టి మర్నాటికల్లా తినేయండి.